ముట్టుకోకుండానే మొరాయించే ప్రోగ్రాములు

2022 ఫిబ్రవరి మూడో వారంలో చాలాచోట్ల పైథాన్ ప్రోగ్రాములు ఒకే ఎర్రర్ చూపించి పడిపోయాయి. ముందురోజు దాకా శుభ్రంగా నడిచినవే. వాటి కోడ్‌లో ఎవరూ కామా కూడా కదపలేదు. కొత్త సర్వర్ మీదికి ఎక్కిస్తున్నప్పుడో, రాత్రిపూట దానంతటదే జరిగే బిల్డ్‌లోనో, మార్కప్‌సేఫ్ అనే లైబ్రరీలో ‘సాఫ్ట్ యూనికోడ్’ అన్న పేరు దొరకడం లేదంటూ ఆగిపోయాయి. ఆ ప్రోగ్రాములు రాసినవాళ్లలో చాలామందికి మార్కప్‌సేఫ్ అన్నదొకటి తమ దగ్గర ఉందన్న సంగతే అప్పటిదాకా తెలిసి ఉండదు. వాళ్లు దాన్ని అడగలేదు, దాని పేరు ఎక్కడా రాయలేదు.

వాళ్లు అడిగింది ఫ్లాస్క్‌ను. వెబ్‌సైట్లు కట్టడానికి పైథాన్‌లో బాగా చలామణీలో ఉన్న లైబ్రరీ అది. పేజీలు తయారుచేయడానికి ఫ్లాస్క్‌కు జింజా కావాలి. వాడుకరి టైపు చేసినదాంట్లో పేజీని పాడుచేసే గుర్తులేమైనా ఉంటే వాటి కోరలు పీకడానికి జింజాకు మార్కప్‌సేఫ్ కావాలి. 2021 మేలో మార్కప్‌సేఫ్ 2.0 వచ్చినప్పుడు దాని నిర్వాహకులు ‘సాఫ్ట్ యూనికోడ్’ అన్న ఫంక్షన్ పేరు మార్చారు. పాత పేరును వెంటనే తీసేయలేదు, ఇక ముందు ఉండదని హెచ్చరిక పెట్టి వదిలారు. అదే నెలలో వచ్చిన జింజా 3.0 కొత్త పేరుకు మారిపోయింది కూడా. తొమ్మిది నెలలు గడిచాక మార్కప్‌సేఫ్ 2.1 వచ్చింది, చెప్పినట్టే పాత పేరు పోయింది.

దెబ్బ తిన్నది జింజా 2.11 దగ్గరే ఉండిపోయినవాళ్లు. అలా ఉండిపోవడం నిర్లక్ష్యం కూడా కాదు. వెర్షన్ మారితే ఏమవుతుందోనన్న జాగ్రత్తతోనే చాలామంది జింజాను 2.11కు కట్టేసి ఉంచారు. అయితే జింజా 2.11 తన అవసరాల జాబితాలో రాసుకున్నది ‘మార్కప్‌సేఫ్ 0.23 గానీ, అంతకన్నా కొత్తది గానీ’ అని. ఆ ‘కొత్తది’కి పైన హద్దు లేదు. పైథాన్‌లో లైబ్రరీలను దించిపెట్టే పిప్ అనే పనిముట్టు, హద్దు లేని చోట అన్నిటికన్నా కొత్తదాన్ని తెస్తుంది. అలాగే తెచ్చింది. మార్కప్‌సేఫ్ వాళ్లు ముందే చెప్పారు. జింజా 2.11 రాసేనాటికి మార్కప్‌సేఫ్ 2.1 పుట్టనేలేదు. పిప్ తన పని తాను చేసింది. ఎవరిని నిలదీసినా చేతులు దులుపుకోవడానికి ఒక కారణం ఉంది.

ఈ ఉదంతంలో నాకు ముఖ్యంగా కనబడేది ఒకటి. ‘ఈ ప్రోగ్రాముకు ఫలానా లైబ్రరీ, ఫలానా వెర్షన్ నుంచి చాలు’ అని రాసే ప్రతి వరుసా ఒక వాగ్దానం. ఆ వాగ్దానం నిజమో కాదో తేల్చగలిగినది టెస్ట్ ఒక్కటే. పాఠ్యపుస్తకాల్లో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి, కంపెనీల్లో వేర్వేరు మనుషులు చూసుకుంటారు. ప్రాజెక్టు నాలుగేళ్లు బతకాలంటే మాత్రం ఇవి విడివిడిగా ఉంటే కుదరదు.

ముందు జాబితా సంగతి. పైథాన్‌లో ఒక ఇబ్బంది ఉంది. ఒక లైబ్రరీని ప్రోగ్రాము ఒకసారి లోపలికి తెచ్చుకుందంటే దాన్ని పేరుతోనే గుర్తుపెట్టుకుంటుంది, వెర్షన్‌తో కాదు. అందుకే ఒకే చోట ఒకే లైబ్రరీ రెండు వెర్షన్లు పక్కపక్కన ఉండలేవు. జావాస్క్రిప్ట్ లోకంలో ఎవరి కాపీ వాళ్లు తెచ్చుకోవచ్చు. ఇక్కడ అందరూ కలిసి ఒక్క వెర్షన్‌కు ఒప్పుకోవాలి. మీరు వాడే ఒక లైబ్రరీ, అంకెల లెక్కలు చేసే నమ్‌పై 2 కన్నా పాతది కావాలని, ఇంకొకటి 2 దాటినదే కావాలని పట్టుబడితే మధ్యేమార్గం లేదు, ఒకదాన్ని వదులుకోవాలి. 2024 జూన్‌లో నమ్‌పై 2.0 వచ్చినప్పుడు ఇలాంటి పేచీలు కొన్నాళ్ల పాటు నడిచాయి. పాత నమ్‌పై కోసం కంపైల్ చేసిన లైబ్రరీలు కొత్తదాని మీద లేవనని భీష్మించాయి.

అందరికీ సరిపడే కలయికను వెతికే భాగాన్ని రిజాల్వర్ అంటారు. చూడ్డానికి చిన్న పనే. ఇరవై లైబ్రరీలు, ఒక్కోదానికి పది వెర్షన్లు ఉన్నాయనుకుంటే కలయికలు ఒకటి పక్కన ఇరవై సున్నాలు పెట్టినన్ని. అన్నీ వెతకడం కుదరదు. పైగా ఎంత తెలివైన పద్ధతి వాడినా ప్రతిసారీ త్వరగా తేలుతుందన్న హామీ లేదు, ఎందుకంటే ఇది కంప్యూటర్ శాస్త్రం ఎన్‌పీ కంప్లీట్ అని పిలిచే కఠిన సమస్యల కోవలోది. 2020 నవంబరు దాకా పిప్ ఈ గొడవలోకి దిగేది కాదు. ఏ షరతు ముందు కనబడితే దాన్ని పట్టుకుని, తర్వాత వచ్చినది దానికి విరుద్ధంగా ఉన్నా పట్టించుకోకుండా ఇన్‌స్టాల్ చేసేసేది. 20.3 వెర్షన్‌తో పద్ధతి మారింది. ఇప్పుడు ఒక దారిలో వెళ్లి, అడ్డం తగిలితే వెనక్కి వచ్చి మరో దారి పడుతుంది. 2024లో వచ్చిన యూవీ అనే పనిముట్టు, ఒకసారి తగిలిన అడ్డానికి కారణం గుర్తుంచుకుని మళ్లీ అటువైపు వెళ్లకుండా ఉండే పద్ధతి వాడుతుంది. ‘ఎందుకు కుదరలేదు’ అన్నదాన్ని మనిషికి అర్థమయ్యేలా చెప్పగలగడం దాని అసలు గొప్ప. వేగం గురించే అందరూ మాట్లాడతారుగానీ, అర్ధరాత్రి బిల్డ్ పడిపోయినవాడికి కావలసింది కారణం.

రిజాల్వర్ ఎంత చక్కగా పనిచేసినా అది చూసేది ఆయా లైబ్రరీలు రాసుకున్న షరతులనే. షరతు తప్పుగా ఉంటే తప్పుడు కలయికనే నిక్షేపంగా తెచ్చిపెడుతుంది. మార్కప్‌సేఫ్ విషయంలో జరిగింది అదే. ఆ ఫిబ్రవరిలో ఇబ్బంది లేకుండా గట్టెక్కినవాళ్లు లాక్ ఫైలు పెట్టుకున్నవాళ్లు. లాక్ ఫైలులో మీరు అడిగిన ఫ్లాస్క్ ఒక్కటే ఉండదు. దాని కింద జింజా, దాని కింద మార్కప్‌సేఫ్, ఇలా అడుగుదాకా ప్రతిదీ ఏ వెర్షనో రాసి ఉంటుంది. పక్కన ఆ ఫైలు తాలూకు హ్యాష్, అంటే 64 అక్షరాల వేలిముద్ర ఉంటుంది. దిగిన ఫైలు వేలిముద్ర కలవకపోతే ఇన్‌స్టాల్ జరగదు.

అలాగని అందరూ అన్నిటినీ కట్టేసుకోవడమూ పనికిరాదు. నడిపే అప్లికేషన్ వేరు, ఇతరులు వాడుకునే లైబ్రరీ వేరు. లైబ్రరీ రాసేవాళ్లు వంటల పుస్తకంలో ‘ఉప్పు తగినంత’ అని రాసినట్టు కాస్త వెసులుబాటు ఉంచాలి. ఎందుకంటే అది ఎవరి వంటింట్లో, ఏయే లైబ్రరీల పక్కన నిలబడాల్సి వస్తుందో వాళ్లకు తెలియదు. అప్లికేషన్‌కు మాత్రం గ్రాములతో సహా రాసిన లెక్క ఉండాలి. పైప్రాజెక్ట్ టామల్ అనే ఫైలులో వెసులుబాటుతో కూడిన షరతులు, లాక్ ఫైలులో కచ్చితమైన లెక్క, ఇదీ ఇప్పటి ఆనవాయితీ. లాక్ ఫైలుకు ఇన్నాళ్లూ పిప్ టూల్స్‌కు ఒక తీరు, పొయెట్రీకి ఒక తీరు, యూవీకి ఒక తీరు. అందరికీ ఒకే రూపం ఉండాలన్న ప్రమాణం 2025లో గానీ ఆమోదం పొందలేదు. పైథాన్ తొలి విడుదల 1991 అని గుర్తుచేసుకుంటే ఈ ఆలస్యం కాస్త విడ్డూరంగానే ఉంటుంది.

లాక్ చేసేసి కూర్చుంటే సరిపోతుందా అంటే, ఏడాది దాకా సరిపోతుంది. ఆ తర్వాత ఏదో లైబ్రరీలో భద్రతా లోపం బయటపడుతుంది, దాన్ని మార్చక తప్పదు. దాన్ని మార్చాలంటే దాని కిందివి మారాలి, వాటికోసం పైథాన్ వెర్షన్ మారాలి. కదపకుండా దాచుకున్నదంతా ఒకే రోజు కదులుతుంది. కాబట్టి కొంచెం కొంచెంగా, తరచుగా కదపాలి. కదిపినప్పుడల్లా ఏం విరిగిందో చెప్పేవాళ్లు కావాలి. అక్కడ టెస్టులు రంగంలోకి దిగుతాయి.

టెస్ట్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఈ ఇన్‌పుట్ ఇస్తే ఈ ఫలితం రావాలి అని చెప్పే చిన్న ఫంక్షన్. పైటెస్ట్ అనే పనిముట్టు, పేరు టెస్ట్ అని మొదలయ్యే ఫంక్షన్లను వెతికి నడిపిస్తుంది, తేడా వస్తే మనం అనుకున్నదేమిటో వచ్చిందేమిటో పక్కపక్కన చూపిస్తుంది. మన భాష నుంచే ఒక ఉదాహరణ తీసుకుంటాను.

బస్సు వేళలు చూపించే యాప్ ఒకటి ఉందనుకోండి. ఫోన్ తెర ఇరుకు, ఊరి పేరుకు తొమ్మిది అక్షరాల చోటే ఉంది. ప్రోగ్రామర్ పేరులో మొదటి తొమ్మిది తీసుకుని మిగతాది కత్తిరించే ఒక్క వరుస ఫంక్షన్ రాశాడు. ఇంగ్లిష్‌లో రాసిన ఊరి పేరుతో టెస్ట్ పెట్టాడు. పాసయింది. కోడ్‌లో ఎన్ని వరుసలను టెస్టులు తాకాయో లెక్కించే కవరేజ్ పనిముట్టు నూటికి నూరు చూపించింది. ఇప్పుడు ‘రాజమహేంద్రవరం’ ఇవ్వండి. మన కంటికి అవి ఏడు అక్షరాలు: రా, జ, మ, హేం, ద్ర, వ, రం. పైథాన్ మాత్రం యూనికోడ్ సంకేతాలను లెక్కపెడుతుంది. గుణింతపు గుర్తు ఒకటి, సున్న ఒకటి, పొల్లు ఒకటి, ఇలా దాని లెక్కకు పదమూడు. తొమ్మిదో సంకేతం సరిగ్గా ‘ద’ తర్వాతి పొల్లు. అక్కడ కోస్తే తెర మీద ‘రాజమహేంద్’ అని మిగులుతుంది. నూటికి నూరు కవరేజ్ ఈ పొల్లును పట్టుకోలేదు. కవరేజ్ అంకెను గోడకు తగిలించుకునే బృందాలంటే నాకు అందుకే కొంచెం అనుమానం.

తెలుగు పాఠాన్ని టెస్టుల్లో పెట్టకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక క్రమంలో, మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతంతో రాస్తే ఐఫోన్‌లో అది కనిపించిన యాప్ కుప్పకూలేది. అదే నెలలో యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదలతో సరిచేసింది. దానికీ పైథాన్‌కూ సంబంధం లేదు. ఇలాంటి బగ్ ఎదురైనప్పుడు పైథాన్ ప్రాజెక్టులో చేసే పని మాత్రం చెప్పాలి: సరిచేయడానికి ముందే ఆ అయిదు సంకేతాల వరుసను టెస్టుగా రాసి, అది ఫెయిలవడం కళ్లారా చూస్తారు. తర్వాత సరిచేస్తారు. ఆ టెస్ట్ ఇక ఎప్పటికీ అక్కడే ఉంటుంది.

మళ్లీ రాజమహేంద్రవరానికి వద్దాం. ప్రోగ్రామర్ ఈసారి సంకేతాలను వదిలేసి, కంటికి కనబడే ముక్కలను లెక్కపెట్టే లైబ్రరీ ఒకటి తెచ్చుకున్నాడు. తెలుగు అక్షరాలు వెడల్పు కాబట్టి, తొమ్మిదికి బదులు అయిదు ముక్కల దగ్గర కత్తిరించాలని మార్చాడు. ఇలాంటి లైబ్రరీలు యూనికోడ్ సంస్థ ప్రకటించే నియమాలను పాటిస్తాయి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1కు ముందు ఆ నియమాలు తెలుగు ఒత్తును హల్లుతో కలిపి చూసేవి కావు. ‘ద్ర’ రెండు ముక్కలయ్యేది: ద్, ర. అయిదు ముక్కలకు కోస్తే మళ్లీ ‘రాజమహేంద్’. 15.1లో దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళ లిపుల సంయుక్తాక్షరాలను విడగొట్టకూడదన్న నియమం చేరింది. దాంతో అదే కోడ్, అదే పేరు, అదే అయిదు: ఇప్పుడు ‘రాజమహేంద్ర’. ‘స్త్రీ’ పాత లెక్కలో మూడు ముక్కలు, కొత్త లెక్కలో ఒకటి.

గమనించండి, ఇక్కడ లైబ్రరీ వెర్షన్ మారడం మన ప్రోగ్రాము జవాబునే మార్చింది. ఎర్రర్ లేదు, గొడవ లేదు. మార్కప్‌సేఫ్ కనీసం అరిచి పడిపోయింది, ఇది చప్పుడు చేయదు. ‘రాజమహేంద్రవరాన్ని అయిదుకు కోస్తే రాజమహేంద్ర రావాలి’ అన్న ఒక్క టెస్ట్ ఉంటే అది రెండు పనులు చేస్తుంది. రేపు ఎవరైనా ఆ లైబ్రరీని పొరపాటున పాత వెర్షన్‌కు దించితే పట్టిస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, మన జాబితాలో ‘ఈ లైబ్రరీ ఫలానా వెర్షన్ నుంచి చాలు’ అని రాసిన కింది హద్దు అబద్ధమైతే బయటపెడుతుంది.

ఈ కింది హద్దును దాదాపు ఎవరూ పరీక్షించరు. ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజున ఏ వెర్షన్ ఉందో దాన్ని రాసి వదిలేస్తారు. తర్వాత కోడ్ ఎదుగుతుంది, కొత్త వెర్షన్‌లో వచ్చిన సదుపాయాలు వాడేస్తారు, జాబితాలో అంకె మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. బృందంలో అందరి మెషీన్లలో కొత్తదే ఉంటుంది కాబట్టి తెలియదు. ఎవరో ఒకరు పాతదానితో దించుకున్నప్పుడు తెలుస్తుంది. యూవీలో షరతులకు లోబడి అన్నిటికన్నా పాత వెర్షన్లను ఎంచుకోమని చెప్పే సౌకర్యం ఉంది. టెస్టులను ఒకసారి కొత్తవాటితో, ఒకసారి పాతవాటితో నడిపితే వాగ్దానం రెండు చివరలా నిలుస్తుందో లేదో తేలుతుంది. ఖర్చు కొన్ని నిమిషాల కంప్యూటర్ సమయం.

టెస్టులు ఉన్నా ఇవేవీ పట్టుకోని పరిస్థితి ఒకటుంది: మాక్‌లు మితిమీరడం. బయటి లైబ్రరీ స్థానంలో డమ్మీని నిలబెట్టి టెస్ట్ రాయడాన్ని మాక్ చేయడం అంటారు. 2012లో వచ్చిన 3.3 నుంచి ఈ సదుపాయం పైథాన్‌తో పాటే వస్తోంది. డబ్బు చెల్లించే సర్వర్‌నో, ఎస్సెమ్మెస్ పంపే సేవనో టెస్టుల కోసం నిజంగా కదిలించలేం కాబట్టి అక్కడ డమ్మీ కావాల్సిందే. కానీ ముక్కలు లెక్కపెట్టే లైబ్రరీని కూడా డమ్మీ చేస్తే, ఆ డమ్మీ మనం చెప్పమన్నదే చెబుతుంది. అసలు లైబ్రరీ తలకిందులైనా టెస్టులన్నీ పచ్చగానే ఉంటాయి. ప్రతి ముఖ్యమైన లైబ్రరీకీ దాన్ని నిజంగా పిలిచే టెస్టులు కొన్నయినా ఉండాలి.

హెచ్చరికల సంగతీ ఇలాంటిదే. ‘ఈ పేరు త్వరలో పోతుంది’ అని లైబ్రరీలు ఇచ్చే హెచ్చరికలను పైథాన్ మామూలుగా నడిచేటప్పుడు చాలావరకు దాచేస్తుంది, వాడుకరి కంగారు పడతాడని. పైటెస్ట్ మాత్రం చివర్లో వరసపెట్టి చూపిస్తుంది. కావాలంటే హెచ్చరికను ఎర్రర్‌గా లెక్కించమనీ చెప్పవచ్చు. 2021 మే తర్వాత అలా పెట్టుకున్నవాళ్లకు, పాత పేరును పిలిచే దారిలో టెస్ట్ ఉండి ఉంటే, మార్కప్‌సేఫ్ మాట నెలల ముందే చెవిన పడి ఉండేది. పైటెస్ట్ చివర్లో వచ్చే ఆ పసుపు రంగు వరసలను చదవకుండా తెర జరిపేయడం మన వృత్తిలో అందరికీ అలవాటే.

పైథాన్ కూడా ఒక డిపెండెన్సీయే, అంటే మన ప్రోగ్రాము ఆధారపడేదే. ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి అయిదేళ్ల ఆయుష్షు. కాబట్టి ఏటా ఆ నెలలో టెస్టులు నడిపే వెర్షన్ల వరుసలో ఒకటి చేర్చాలి, ఒకటి తీసేయాలి. 2021 అక్టోబరులో 3.10 వచ్చినప్పుడు తమాషా జరిగింది. టెస్టులు నడిపే సేవలకు ఆదేశాలు రాసే యామల్ ఫైళ్లలో కోట్స్ లేకుండా 3.10 అని రాస్తే యామల్ దాన్ని దశాంశ సంఖ్యగా చదువుతుంది. చివరి సున్నకు విలువ లేదు గదా, 3.1 అయిపోతుంది. ఎప్పుడో 2009 నాటి 3.1 వెర్షన్ కోసం సర్వర్లు వెతకడం మొదలుపెట్టాయి.

ఆ 3.10తోనే నోస్ అనే టెస్ట్ పనిముట్టు చచ్చిపోయింది. ఒకప్పుడు వేల ప్రాజెక్టులు దాన్ని వాడేవి, దాని ఆఖరి విడుదల 2015లో. 2023 అక్టోబరులో వచ్చిన 3.12 ఇంకో అడుగు వేసి, పైథాన్‌తో పాటే వచ్చే టెస్ట్ పనిముట్టు యూనిట్‌టెస్ట్‌లో అసర్ట్ ఈక్వల్స్ అనే పాత పేరును తీసేసింది. చివర ‘స్’ లేని అసలు పేరు వాడమని అప్పటికి పన్నెండేళ్లుగా చెబుతూనే ఉన్నారు. ప్రోగ్రాము బాగానే ఉంది, దాన్ని కాపలా కాయాల్సిన టెస్టులే పడిపోయాయి. టెస్టులు కూడా కోడే, వాటికీ డిపెండెన్సీలుంటాయి.

అన్నిటికన్నా విసిగించేవి ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యే టెస్టులు. హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లకు ప్రత్యేకంగా రాసిపెట్టినది ఒకటుంది. మన గడియారం ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ కన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. కోడ్ ఒకచోట ఈ మెషీన్ తేదీని, ఇంకోచోట యూటీసీ తేదీని అడిగితే పగలంతా రెండూ ఒకటే. అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజాము అయిదున్నర దాకా మాత్రం మనకు కొత్త రోజు, యూటీసీకి పాత రోజు. రిలీజ్ కోసం రాత్రి ఒంటిగంటకు మేలుకున్నవాడికి టెస్ట్ ఫెయిలవుతుంది, పొద్దున వచ్చినవాడికి పాసవుతుంది, సర్వర్ యూటీసీలోనే ఉంటుంది కాబట్టి దానికి ఏ వేళా తేడాయే కనబడదు. మందు తెలిసిందే: ఫంక్షన్ తనంతట తాను తేదీ అడక్కుండా, పిలిచినవాళ్లే తేదీ ఇచ్చేలా రాయడం. ఇలాంటి టెస్టును ‘మళ్లీ నడిపితే సరి’ అని వదిలేస్తే జరిగే నష్టం ఏమిటంటే, లైబ్రరీ మారి నిజంగా ఏదైనా విరిగిన రోజున కూడా జనం మళ్లీ నడిపి చూస్తారు.

ఇక మిగిలింది, కొత్త వెర్షన్ వచ్చిన రోజే ఎక్కించాలా, ఆగాలా అన్నది. 2022 డిసెంబరు 25 నుంచి 30 వరకు పైటార్చ్ అనే లైబ్రరీ నైట్లీ కూర్పును పిప్‌తో లైనక్స్ మీద దించుకున్నవాళ్లకు టార్చ్‌ట్రైటన్ అన్న పేరుతో దొంగ ప్యాకేజీ దిగింది. పైటార్చ్ తన సొంత భాండాగారంలో ఆ పేరుతో ఒకటి ఉంచుకుంది. ఎవరో అదే పేరును అందరికీ తెరిచి ఉండే పైపీఐలో నమోదు చేశారు, పిప్ అక్కడిదాన్ని ఎంచుకుంది. దించుకున్న మెషీన్లలోని రహస్య ఫైళ్లు బయటికి పోయాయి. హ్యాష్‌లతో లాక్ ఉంటే ఆ ప్యాకేజీ గడప దాటేది కాదు. పైపీఐలో ఇప్పుడు అయిదు లక్షలకు పైగా ప్రాజెక్టులున్నాయి, అన్నిటినీ ఎవరూ కాపు కాయలేరు.

అందుకే కొన్ని బృందాలు ఈమధ్య కొత్త వెర్షన్‌ను వారం పది రోజులు నిలవబెట్టాకే తీసుకుంటున్నాయి. ఫలానా తేదీ తర్వాత ఎక్కినవాటిని చూడనే వద్దని యూవీకి చెప్పే వీలుంది. దొంగ ప్యాకేజీ అయితే ఈలోగా ఎవరో ఒకరి కంటపడుతుందని ఆశ. కానీ ఆ కొత్త వెర్షన్ భద్రతా లోపాన్ని పూడ్చడానికి వచ్చినదైతే, ఆగిన ఆ పది రోజులూ తలుపు తీసి పెట్టినట్టే. రెండిటికీ ఒకే నియమం సరిపోదు. మామూలు వెర్షన్లకు ఆగడం, భద్రతా ప్రకటనతో వచ్చినవాటికి వెంటనే కదలడం ఇప్పటికి కనబడుతున్న దారి. వెంటనే కదలాలంటే, ఆ సాయంత్రమే టెస్టులు నడిపి, వచ్చిన ఫలితాన్ని నమ్మి సర్వర్ మీదికి ఎక్కించగలిగే స్థితిలో ప్రాజెక్టు ఉండాలి.